మేనరికమూ, రక్తంలో కొవ్వూ



మొన్న నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సులో పోతున్నాను. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ మాటల మధ్యలో కూతురి పెళ్ళి సంగతి ఎత్తింది.

"మా తమ్ముడి కొడుక్కే ఇస్తాండాం తల్లీ. తెలిసిన ఇల్లు. పాపం, తమ్ముడికి నలభై రెండో ఏటనే గుండెపోటు వచ్చిండె. మా ఇంట్లో ఆడవాళ్ళకు మాత్రం ఆ బాధ లేదులే" అంది.

శిరివెళ్ళ దాటినా ఆ మాట నన్ను వదల్లేదు.

అంత చిన్న వయసులో గుండెపోటు వచ్చిందంటే, ఆ ఇంట్లో కొలెస్టరాల్ వంశపారంపర్యంగా వస్తోందేమోనని అనుమానించాలి. రక్తంలోని చెడ్డ కొలెస్టరాల్‌ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు మన కాలేయంలో ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువులో లోపం ఉంటే ఆ కొవ్వు పుట్టినప్పటినుంచీ రక్తంలోనే పేరుకుంటుంది. ఈ రహస్యాన్ని విప్పిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే అమెరికన్ డాక్టర్లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. ఆళ్ళగడ్డ శిల్పుల పనితనం నేర్పితే గాని కొడుక్కు రాదు. ఇది నేర్పకుండానే వస్తుంది. నూనె తగ్గించినంత మాత్రాన పోదు కూడా.

కొడుకైనా కూతురైనా సంక్రమించే అవకాశం సగానికి సగం. మరి ఆడవాళ్ళకు లేదనిపిస్తుందెందుకు? ముట్లు ఆగిపోయేదాకా ఈస్ట్రోజెన్ అనే హార్మోను కొంత కాపు కాస్తుంది. తర్వాత ఆ కాపు పోతుంది. వైద్యం చేయించుకోకపోతే ఈ లోపమున్న మగవాళ్ళలో సగం మందికి 50 ఏళ్ళలోపు, ఆడవాళ్ళలో నూటికి 30 మందికి 60 ఏళ్ళలోపు గుండెజబ్బు వస్తుందని లెక్క. అంటే మనకు ఆలస్యమే గాని మినహాయింపు లేదు. ఆయాసం, వెన్నునొప్పి, దవడనొప్పి వస్తే గ్యాసని సోడా తాగి పడుకునేదీ మనమే!

మేనరికంలో ఇంకో చిక్కుంది. దంపతులిద్దరిలోనూ ఆ లోపం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండువైపులనుంచీ వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. అలాంటి పిల్లల్లో కొలెస్టరాల్ 500 కూడా దాటవచ్చు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద పసుపుపచ్చని గడ్డలు లేస్తాయి. పదేళ్ళ పిల్లవాడికైనా గుండెపోటు రావచ్చు.

చెడ్డ కొలెస్టరాల్ 190 దాటితే డాక్టరును తప్పక కలవండి. స్టాటిన్ మాత్రలు బాగా పనిచేస్తాయి. గర్భం కోరుకునే స్త్రీలు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇదంతా ఆవిడకు నాకు చేతనైనట్టు చెప్పాను. ఆళ్ళగడ్డలో సంచీ తీసుకుంటూ, "పరీక్ష పిల్లకు చేయించాల్నా?" అని అడిగింది.

"పిల్లకూ, పిల్లవాడికీ. వాళ్ళకంటే ముందు మీకు, పెద్దమ్మా" అన్నాను.

"నాకా?" అంటూ దిగిపోయింది.