బిల్లు దేనికి పడుతోంది?



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ ఇంజినీర్లుగా, రాకెట్ల గురించో కృత్రిమ మేధ గురించో వినాలని మీకు ఉంటుంది. నేను మరుగుదొడ్ల బిల్లుల గురించి మాట్లాడబోతున్నాను. నా ఉద్యోగమంతా వాటి మధ్యే గడిచింది, మరో సంగతి చెప్పడం నాకు రాదు. పైగా మీలో సివిల్ చదివినవాళ్లు కొందరు పంచాయతీరాజ్‌లోనో మున్సిపాలిటీలోనో ఏఈలుగా చేరతారు. అక్కడ మీ డ్రాయింగు కన్నా మీ సంతకానికే గిరాకీ ఎక్కువ.

ప్రభుత్వం డబ్బు ముందే ఇచ్చి పని అయిందో లేదో తర్వాత చూసుకోవడం పాత అలవాటు. ఫలితం కనబడ్డాకే డబ్బు విడుదల చేయడం ఆ తర్వాత వచ్చిన ఆలోచన. పేదల పారిశుద్ధ్యంలో దీన్ని మన దేశం వాడినంత పెద్ద ఎత్తున వాడినవాళ్లు అరుదు. 2003లో ప్రకటించిన నిర్మల్ గ్రామ పురస్కారాన్నే తీసుకోండి. ఊరంతా బహిరంగ మలవిసర్జన మానేశాకే పంచాయతీకి నగదు బహుమతి. సర్పంచులు పోటీ పడ్డారు, ఢిల్లీ వెళ్లి బహుమతులు తెచ్చుకున్నారు. తర్వాత చాలా ఊళ్లలో జనం మళ్లీ చెంబు పట్టుకుని పొలాల దారి పట్టారు. బహుమతి ఒక్కసారే ఇచ్చేది కాబట్టి, ఆ మర్నాడు ఊరు ఎలా ఉందన్నది ఎవరికీ పట్టలేదు.

2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. అర్హత ఉన్న ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకం, కట్టినట్టు ఫొటో ఎక్కించాలి. అయిదేళ్లలో పల్లెల్లో 10 కోట్లకు పైగా మరుగుదొడ్లు లేచాయి. ఇది చిన్న విషయమని నేననను. చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకున్న ఆడవాళ్లను అడిగితే అసలు విలువ తెలుస్తుంది. ఈ కార్యక్రమానికి ప్రపంచ బ్యాంకు 2015 డిసెంబర్‌లో 150 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అందులో షరతు మరుగుదొడ్ల లెక్క కాదు. బయటికి వెళ్లేవాళ్లు తగ్గారని స్వతంత్ర సర్వే తేల్చాలి. ఆ సర్వే ఆలస్యమైంది, దాంతో డబ్బూ ఆలస్యమైంది.

ఇక ఆ ఫొటో సంగతి. తలుపు మీద లబ్ధిదారు పేరు, పక్కన ఆ మనిషి, వెనక కొత్త సున్నం. అసలు ఇంజినీరింగంతా ఆ ఫొటోలో పడని చోట, నేల కింద ఉంటుంది. రెండు గుంతల పద్ధతి మీరు చదువుకున్నదే. సిమెంటు ఒరలు దింపిన రెండు గుంతలు, వాటి మధ్య కనీసం గుంత లోతంత ఎడం, ముందు ఒక చిన్న జంక్షన్ బాక్సు. ఒక గుంతకు దారి తెరిచి రెండోదానికి మూసి ఉంచాలి. మొదటిది నిండటానికి అయిదారేళ్లు పడుతుంది. అప్పుడు దారి మార్చి, నిండినదాన్ని రెండేళ్లు వదిలేస్తే లోపలిది ఎరువవుతుంది. దాన్ని ఎవరైనా తీయొచ్చు, ఆ పనికి ఏ కులం వాడినీ పిలవాల్సిన పని లేదు. కానీ మేస్త్రీ తొందరలో రెండు దారులూ తెరిచే వదిలేస్తాడు. రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి. కొన్నిచోట్ల రెండో గుంత ఉండనే ఉండదు. ఫొటో మాత్రం బాగానే ఉంటుంది, బిల్లూ పడిపోతుంది.

ఇందులో పేదవాడికి ఇంకో చిక్కు ఉంది. కట్టాక డబ్బంటే ముందు ఖర్చు పెట్టేది ఎవరు? పెద్ద కాంట్రాక్టరుకు బ్యాంకు ఉంది. కూలికెళ్లే ఒంటరి ఆడమనిషికి ఇటుకల బట్టీవాడు, సిమెంటు కొట్టువాడు అరువివ్వరు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడితే, బిల్లు ఆలస్యమైన ప్రతి నెలా ఆమె మెడకే చుట్టుకుంటుంది. ఆమెకు స్వయం సహాయక సంఘం నుంచి ముందు పెట్టుబడి దొరికేలా చూడకుండా ఫలితమో ఫలితమో అనడం అన్యాయం.

బ్రెజిల్ వాళ్లు 2001లో మురుగునీటి విషయంలో వేరే దారి పట్టారు. శుద్ధి కేంద్రం కట్టినందుకు కాక, శుద్ధి చేసినట్టు ధ్రువపడిన మురుగుకు అక్కడి కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. సొమ్ము ముందే బ్యాంకులో పెట్టి, లక్ష్యం అందుకున్నకొద్దీ విడతలుగా విడుదల చేసింది. మన దగ్గర మహారాష్ట్రలో వాయి, సిన్నర్ అనే చిన్న పట్టణాలు అదే ఆలోచనను సెప్టిక్ ట్యాంకులకు అన్వయించాయి. దాదాపు మూడేళ్లకోసారి వంతు ప్రకారం ప్రతి ఇంటి ట్యాంకూ ఖాళీ చేయాలి. ఇంటివాళ్లు ఆ రోజు రూపాయి ఇవ్వక్కర్లేదు, పారిశుద్ధ్య పన్ను రూపంలో కడతారు. కాంట్రాక్టరుకు ఖాళీ చేసిన ట్యాంకుల లెక్కన చెల్లింపు. 2014లోనే మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చుకున్న మన వరంగల్ నుంచి కూడా నేర్చుకోవలసింది ఉంది.

అయినా ట్యాంకుల లెక్కనే నమ్ముకోవద్దు. ట్యాంకుకింత అని కడితే బండి వెడల్పు రోడ్డున్న కాలనీకే వెళ్తుంది. మురికివాడ సందులోకి చిన్న బండి, పొడవు పైపు, ఇంకో ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇంటికి రేటు ఎక్కువ పెట్టకపోతే పేదలు జాబితాలో ఉంటారు, బండి మాత్రం రాదు.

మరొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. చౌకగా, త్వరగా ఫలితం చూపించాలనే ఒత్తిడిలో మనిషిని ట్యాంకులోకి దింపుతారు. రక్షణ సాధనాలు లేకుండా అలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ పనిలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా దీని మీదే పోరాడుతున్నారు. ఒక్క మనిషి దిగినట్టు తేలినా ఆ నెల చెల్లింపు మొత్తం ఆగిపోవాలని ఒప్పందంలోనే రాయండి. ఫలితాల పట్టికలో ఆ గడి లేని టెండరు మీ బల్ల మీదికి వస్తే వెనక్కి పంపండి.

మీ పైఅధికారులు సాయంత్రంలోగా లెక్క పంపమంటారు. పంపక తప్పదు. కానీ తొలి బిల్లు మీద సంతకం పెట్టేముందు, ఫొటోలో ఉన్న ఆ ఇంటికి ఒకసారి వెళ్లండి. జంక్షన్ బాక్సు మూత తీయించి, ఒక దారి మూసి ఉందో లేదో చూడండి. మూసి ఉంటే అక్కడే నిలబడి సంతకం పెట్టండి. లేకపోతే మేస్త్రీని పిలిపించి సరిచేయించాకే పెట్టండి.