చిన్న పడవా? పెద్ద పడవా?
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, కరువుభత్యం, వైద్య ఖర్చుల గురించి వక్తలు ఇంతకుముందే వివరంగా మాట్లాడారు. నాకు ఇచ్చిన పదిహేను నిమిషాల్లో వేరే సంగతి చెబుతాను. పదవీ విరమణ నాడు చేతికొచ్చిన డబ్బును పిల్లల జీవనోపాధికి పెట్టే తండ్రులు మనలో చాలామంది ఉన్నారు. ఒకరు ఆటో కొనిస్తారు, ఒకరు కిరాణా దుకాణం పెట్టిస్తారు. మన సభ్యుడొకరు తన కొడుకులిద్దరికీ ఇంజను పడవ కొనివ్వాలనుకున్నారు. వారిది కృష్ణ ఒడ్డున పుట్టి వేసి చేపలు పట్టిన కుటుంబం. సోమశిల దగ్గర రెండు పడవలు అమ్మకానికి ఉన్నాయని తెలిసి, నేను నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి గనుక నన్ను తోడు రమ్మన్నారు.

సోమశిల అందరూ ఎరిగినదే. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా కొల్లాపురం ప్రాంతం. 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. అప్పుడు అక్కడ కృష్ణ సముద్రంలా కనిపిస్తుంది. ఎండాకాలం నీరు దిగిపోయి, అవతలి వైపు సంగమేశ్వరాలయం బయటపడుతుంది. నిండుగా ఉన్న నెలలు వేరు, ఒడ్డు నుంచి నీటిదాకా బురదలో నడవవలసిన నెలలు వేరు. పడవ కొనేవాడు ఈ రెండు కాలాలనూ చూసి కొనాలి.

మొదటి పడవ 24 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, చిన్న డీజిలు ఇంజను. రెండవది 36 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, ఇరవై హార్స్‌పవర్ ఇంజను, పైన రేకుల కప్పు. పెద్ద కొడుకు మనసు పెద్దదాని మీద ఉంది. "జాతర నాడు జనం ఉరికొస్తరు సార్, చిన్న పడవతోని ఏం జేస్తం?" అన్నాడు. చిన్నవాడు "జాతర ఒక్కనాడు అన్నా, చేపలు దినాం" అన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే తండ్రి ఎటూ తేల్చుకోలేకపోయారు.

నేను వాళ్ల ముందు కాగితం మీద ఒక చిన్న లెక్క వేశాను. అది మీకూ చెబుతాను. పడవ నీటిని తాకే చోట దాని వైశాల్యం పొడవు వెడల్పుల లబ్ధంలో సుమారు ఏడు పదవ వంతులు ఉంటుంది, ఎందుకంటే ముక్కు దగ్గర, వెనక సన్నబడుతుంది. చిన్న పడవకు అది దాదాపు 100 చదరపు అడుగులు. ఒక ఘనపుటడుగు నీటి బరువు 28 కిలోల పైచిలుకు. కాబట్టి ఈ పడవ ఒక అంగుళం దిగాలంటే సుమారు 236 కిలోల బరువు ఎక్కాలి. అంటే నలుగురు మనుషులు. పెద్ద పడవకు అదే అంగుళానికి సుమారు 535 కిలోలు, దాదాపు తొమ్మిది మంది.

చిన్న పడవలో ఎనిమిది మంది ఎక్కితే రెండంగుళాలు దిగుతుంది. ఎవరికీ భయం వేయదు. నలభై మంది ఎక్కితే పదంగుళాలు దిగుతుంది. అప్పుడు కూడా అది తేలుతూనే ఉంటుంది, మోసం అక్కడే ఉంది. పడవ మునగలేదు గనుక ఇంకో నలుగురు ఎక్కవచ్చుననిపిస్తుంది. కానీ నీటి మీద మిగిలిన అంచు తగ్గిపోయింది. జనం నిలబడ్డారు గనుక బరువు పైకి చేరింది. గాలి లేచినా, అందరూ ఒక పక్కకు జరిగినా అంచు మీంచి నీళ్లు లోపలికి వస్తాయి. వచ్చిన నీరు ఒరిగిన పక్కకే పారి మరింత ఒరిగేట్టు చేస్తుంది.

ఇక్కడ పెద్దవాడి పక్షాన ఒక మాట చెప్పాలి. పడవను ఒరగకుండా నిలబెట్టేది పొడవు కన్నా వెడల్పు. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే నిలదొక్కుకునే బలం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. జలాశయం మధ్యలో గాలి దూరం నుంచి అడ్డులేకుండా వస్తుంది, అలలు లేస్తాయి. సాగర్‌లో నాగార్జునకొండకు లాంచీలో వెళ్లినవారికి అది అనుభవమే. అటువంటి నీళ్లలో, సమానమైన జాగ్రత్త ఉంటే, వెడల్పాటి పడవే మేలు. అయితే ఆ రేకుల కప్పు మీదికి మనుషులను ఎక్కిస్తే ఈ లాభమంతా పోతుంది.

ఇక ఖర్చు. అయిదు హార్స్‌పవర్ ఇంజను నిండు బరువుతో గంటకు లీటరు పైన డీజిలు తాగితే, ఇరవై హార్స్‌పవర్‌ది నాలుగు లీటర్ల పైన తాగుతుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చినా ఇంజను తిరగక తప్పదు. చిన్నదాన్ని అన్నదమ్ములిద్దరే నడుపుకోగలరు. పెద్దదానికి జీతం ఇచ్చి మూడో మనిషిని పెట్టుకోవాలి. నీరు దిగిన నెలల్లో చిన్నదాన్ని నలుగురు పట్టి లాగగలరు. పెద్దది బురదలో కూరుకుంటే మళ్లీ నీరు వచ్చేదాకా అక్కడే. వల వేయడానికి కూడా ఒడ్డు వారగా, చెట్ల మోళ్ల మధ్య చిన్నదే తిరుగుతుంది.

పెద్ద కొడుకునే లెక్క వేయమన్నాను. శివరాత్రి, జాతర, సెలవు దినాలు అన్నీ కలిపినా జనం బాగా వచ్చే రోజులు అతని లెక్కలో ముప్పైకి మించలేదు. పెద్ద పడవకైతే తండ్రి డబ్బు చాలదు, మిగతాది అప్పు తేవాలి. ఆ ముప్పై రోజుల్లోనే ఏడాది వడ్డీ రాబట్టాలి. అప్పుడు ఒడ్డున నిలబడి "చాలు, ఇంక ఎక్కకండి" అనగలడా? వాళ్ల తల్లి అంతవరకు ఏమీ మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు ఆమే జవాబిచ్చింది: "నిండకపోతె అప్పు భయం, నిండితె నీళ్ల భయం. నాకు ఇద్దరు కొడుకులే సార్."

మిత్రులారా, ఇది ఊరికే అన్న మాట కాదు. 2007 జనవరిలో సింగోటం జాతర రోజుల్లో ఆ ప్రాంతపు కృష్ణలోనే, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఒడ్డు ఊళ్లలో ఇప్పటికీ ఆ దుఃఖం మరచినవారు లేరు. పెద్ద బోటయితే భయం లేదందామా అంటే, 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ట పెద్ద పర్యాటక బోటే. అందులో డెబ్బై మందికి పైగా ఉంటే, సగానికి మించి తిరిగి రాలేదు. నీటికి చిన్నాపెద్దా పట్టింపు లేదు.

మరో సంగతి కూడా వారి దృష్టికి తెచ్చాను. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య కృష్ణపై వంతెనకు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం వెయ్యి కోట్ల రూపాయలకు పైగా అంచనాతో ఆమోదం తెలిపింది. వంతెన పూర్తయిన నాడు రేవు దాటే జనం తగ్గుతారు. చూడవచ్చే యాత్రికులు ఉంటారు గానీ, బస్తాలతో, మోటారు సైకిళ్లతో దాటే రోజువారీ గిరాకీ ఉండదు. చేపల గిరాకీకి వంతెనతో నష్టం లేదు, పైగా మార్కెట్టు దగ్గరవుతుంది. పదేళ్ల అప్పు చేసేవాడు పదేళ్ల ముందుకు చూడాలి కదా!

చివరకు చిన్న పడవే తీసుకున్నారు. మిగిలిన డబ్బు తండ్రి పేరనే బ్యాంకులో ఉంది. కొనే ముందు మూడు పనులు చేయించాను. ఒకటి, పడవను ఒక రాత్రంతా నీటిలో ఉంచి తెల్లవారి అడుగున ఎంత నీరు ఊరిందో, ముఖ్యంగా ఇంజను ఇరుసు బయటికి పోయే చోట, చూడటం. రెండు, సుత్తితో పలక పలకా తట్టి పుచ్చిన చోటు కనిపెట్టడం. మూడు, మనుషులకు బదులు అరవై కిలోల ఇసుక బస్తాలు ఒక్కొక్కటే ఎక్కించి, క్షేమమనుకున్న చోట ఆపి, ఆ నీటి గీత మీద పడవ చుట్టూ ఎర్ర రంగు పూయించడం. కాలువ గట్టు తెగినప్పుడు వాడిన ఇసుక బస్తాలు ఇలా కూడా పనికొచ్చాయి. ఇది మా సొంత జాగ్రత్త మాత్రమే, చట్టానికి బదులు కాదు. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం ఇంజను పడవకు తనిఖీ పత్రం, రిజిస్ట్రేషను, బీమా ఉండాలి. ప్రయాణికులను ఎక్కించాలంటే దానికి తగిన అనుమతీ కావాలి. 2014 నుంచి అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం, అక్కడి నిబంధనలు కూడా విచారించుకోవాలి.

మొన్నటి జాతరకు నేనూ అక్కడ ఉన్నాను. అనుమతి పత్రంలో రాసిన లెక్క నిండింది. ఇంకా ఆరుగురు, వాళ్లలో ఒక ముసలమ్మ, ఎక్కుతామని పట్టుబట్టారు. పెద్ద పడవ కావాలన్న ఆ పెద్ద కొడుకే గట్టున నిలబడి, "అవ్వా, కోపం జేయకు, మల్ల వచ్చి తోల్కపోత" అని నచ్చజెప్పాడు. రెండో దఫా వచ్చి తీసుకుపోయాడు. అప్పు లేదు గనుక ఆ మాట అనగలిగాడని నా నమ్మకం.

కనుక పిల్లల కోసం పడవే కాదు, ఏ బండి కొనిచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. మామూలు రోజున దీనికి పని ఎంత? గిరాకీ లేని నెలల్లో దీన్ని ఎవరు పోషిస్తారు? "చాలు" అనవలసిన రోజున అనగలిగే స్థితిలో మన పిల్లవాడు ఉంటాడా? జవాబులు తృప్తిగా ఉంటే, పెద్దదైనా సంతోషంగా కొనిపెట్టండి.