అయిదు మోడళ్లు అవునంటే అయిదు సాక్ష్యాలేనా?



మెషిన్ లెర్నింగ్ మన సబ్జెక్టు కాదనుకోకండి. పాత లెక్కల్లోని పోలికలు పట్టుకుని రాబోయేదాన్ని అంచనా కట్టే ప్రోగ్రామునే మోడల్ అంటారు. ఒక్కదాన్నే నమ్మకుండా నాలుగైదింటి సరాసరి తీయడం మామూలే. కానీ ఒకే పోస్టు నుంచి, ఒకే పొగమంచులో చూసిన ముగ్గురు సంత్రీలు ఒకే మాట చెబితే దాన్ని మూడు రిపోర్టులుగా లెక్కవేస్తామా?

మోడళ్లలో ఈ సంగతి పట్టిచ్చేదే హీట్‌మ్యాప్. మోడళ్ల పేర్లు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాసి గళ్లు గీస్తారు. ఒక్కో గడిలో ఆ రెండు మోడళ్ల పొరపాట్ల మధ్య కోరిలేషన్ ఉంటుంది. అది 1కి దగ్గరైతే ముదురు ఎరుపు, సున్నా అయితే తెలుపు, మైనస్ అయితే నీలం. అంచనాలనే పోల్చకూడదు సుమండీ! మంచి మోడళ్లన్నీ నిజానికి దగ్గరగానే ఉంటాయి కనుక పటమంతా ఎర్రబడుతుంది. పోల్చాల్సింది పొరపాట్లను.

చిన్న లెక్క చూడండి. సమాన సామర్థ్యమున్న అయిదు మోడళ్లలో ఒక్కోదాని పొరపాటు వేరియన్స్ 100 అనుకుందాం. వాటి మధ్య కోరిలేషన్ 0.9 అయితే, సరాసరి తీసినా 92 మిగులుతుంది. 0.2 అయితే 36కి దిగుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా తాకిందో మనకు తెలుసు కనుక తుఫానునే ఉదాహరణగా తీసుకుందాం. ఫోర్‌కాస్ట్‌నెట్, పంగు-వెదర్, గ్రాఫ్‌కాస్ట్ మూడూ వేర్వేరు సంస్థలు తయారుచేసిన వాతావరణ మోడళ్లు. అయినా మూడూ చదువుకున్నది యూరప్ వాతావరణ కేంద్రం వారి ఈఆర్ఏ5 రికార్డునే. దాని ఒక్కో గడి సుమారు 31 కిలోమీటర్లు. అందుచేత తీవ్ర తుఫాను గాలివేగం అందులో తక్కువగా కనిపిస్తుంది. తుఫాను ఎంత బలమైనదైతే లోటు అంత ఎక్కువ. ఆ లోటు మూడింటికీ అంటుకునే ప్రమాదం ఉంది.

ఓడలను రేవు దాటించాలా, ఊళ్లు ఖాళీ చేయించాలా అన్న నిర్ణయం వేళ ‘‘మోడళ్లన్నీ ఒకటే చెబుతున్నాయి సార్’’ అంటే వెంటనే ఊరట పడకండి. పొరపాట్ల హీట్‌మ్యాప్ చూపించమనండి. అంతా ఎర్రగా ఉంటే రాడార్‌నో, భౌతిక సూత్రాలతో నడిచే మోడల్‌నో అడగండి. అప్పుడే రెండో సాక్షి దొరికినట్టు.

జై హింద్!