చెక్క కింద సందు ఉందా?



మా నాయన కొత్త వాకిలికని వేపబద్దెలు దాచినాడు. గోడవార నేలమీదే వేసినాడు. ఒక్క వానకాలంలో చెదలు తినేశాయి. మన అనంతపురం కరువు సీమ. ఇక్కడ చెట్టు పెరగడానికి ఏండ్లు పడుతుంది. చెక్కను కాపాడుకోవాలి.

చెదలు నేలలోంచి మట్టిదారి కట్టుకుని ఎక్కుతాయి. అందుకే జానెడెత్తు రాళ్లు సమంగా పరచండి. బరువు చెక్కలు కింద, సన్నబద్దెలు పైన పేర్చండి. వరసల మధ్య అడ్డపుల్లలు పెట్టండి. గాలి ఆడుతుంది, బద్దె వంకరపోదు. ఎండావానా తగలనీయొద్దు. పొయ్యికి దూరంగా ఉంచండి. గోడకు నిలబెట్టొద్దు, పిల్లల మీద పడుతుంది. మేకులుంటే ముందే పీకేయండి.

సందుల్లో తేళ్లుంటాయి. చెయ్యి పెట్టేముందు కట్టెతో కదిలించండి.

ఈ రోజే ఇంటికిపోయి చూడండి. మీ చెక్క కింద చీపురు దూరుతుందా? దూరితే రోజూ ఊడవండి. మట్టిదారి కనిపిస్తే వెంటనే గీకేయండి.