పోర్ట్ టాల్బట్: మన టాటా, వాళ్ల ఊరు



కార్డిఫ్ నుంచి స్వాన్సీకి ఎం4 మీద వెళ్లినవాళ్లు పోర్ట్ టాల్బట్ చూసే ఉంటారు. ఊరి పేరు గుర్తులేకపోయినా, ఎడమవైపు సముద్రం ఒడ్డున మైళ్ల పొడవునా కనిపించే ఉక్కు ఫ్యాక్టరీ గుర్తుంటుంది.

ఆమధ్య పనిమీద వెళ్లి, అక్కడ టాక్సీ ఎక్కాను. నాది ఇండియా అని తెలిసి డ్రైవరు, "టాటా మీవాళ్లేగా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అయినా నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి ఆ ఊరి కథ చదివాను. అదే ఈవేళ మీతో చెబుతాను.

మార్గమ్ ఎస్టేటు భూస్వాములైన టాల్బట్ కుటుంబం పేరు మీదే ఈ ఊరికి ఆ పేరొచ్చింది. 1830లలో రేవు కట్టారు. 1951లో అబ్బే వర్క్స్ మొదలయ్యాక ఊరి రూపే మారిపోయింది. కార్మికుల కోసం ఇసుక దిబ్బల మీద శాండ్‌ఫీల్డ్స్ అనే పెద్ద కాలనీ లేచింది. 1960లలో ఫ్యాక్టరీలో దాదాపు 18,000 మంది పనిచేసేవారు. జీతాలు బాగుండటంతో ఊరికి 'ట్రెజర్ ఐలాండ్' అని ముద్దుపేరు కూడా పెట్టారు.

తర్వాత యజమానులు మారుతూ వచ్చారు. 1967లో ప్రభుత్వం తీసుకుంది, 1988లో ప్రైవేటుకిచ్చింది. 1999లో కోరస్ అయింది, 2007లో టాటా కొన్నది. ఉద్యోగాలు పోవడం టాటాతో మొదలు కాలేదు. 1980లో, ప్రభుత్వం చేతిలో ఉండగానే, వేలమందిని తీసేశారు. 2024 నాటికి మిగిలింది సుమారు 4,000 మంది.

మరి డ్రైవరుకి ఈ లెక్క చెబితే సరిపోయేదా? సరిపోదు. అంతకుముందు మనుషులు తగ్గినా కొలిమి మండుతూనే ఉంది. 2024 జూలైలో ఒక బ్లాస్ట్ ఫర్నేస్, సెప్టెంబరు 30న రెండోది ఆరిపోయాయి. ఖనిజం నుంచి ఇనుము తీసే పని ఆ ఊళ్లో ముగిసిపోయింది. బ్రిటన్ మొత్తం మీద 2,800 వరకు ఉద్యోగాలు పోతాయని కంపెనీ ప్రకటించింది. రోజుకు పది లక్షల పౌండ్లు నష్టమొస్తోందని కంపెనీ మాట. తుక్కు ఇనుమును కరెంటుతో కరిగించే కొత్త ఫర్నేస్ పనులు 2025 జూలైలో మొదలయ్యాయి. ఖర్చు 125 కోట్ల పౌండ్లు, అందులో 50 కోట్ల దాకా ప్రభుత్వానిది. కాలుష్యం బాగా తగ్గుతుంది, నిజమే. కానీ దానికి అంతమంది మనుషులు అక్కర్లేదు.

మనలాంటివాళ్లం ఒక ప్రాజెక్టు పోతే లాప్‌టాప్ సర్దుకుని ఇంకో ఊరు వెళ్తాం. తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులోంచి పనికి వెళ్లిన ఇల్లు అలా కదలలేదు.

2007లో కోరస్‌ను కొన్నప్పుడు "మన టాటా" అని మనమంతా మురిసిపోయాం. ఆవేళ మనవాడైనవాడు ఈవేళ పరాయివాడెలా అవుతాడు? మళ్లీ ఆ డ్రైవరు కనిపిస్తే, "అవునండీ, మావాళ్లే. మీ నాన్నగారు కూడా అందులోనే చేశారా?" అని అడుగుతాను. అడిగి, చెప్పింది వింటాను.