తెగిన నరము, అందని వార్త

కోతల కాలమున కొడవలి జారి మణికట్టు తెగుట మన పల్లెలలో వింత కాదు. కుట్లు వేయుదురు, పుండు మానును. కాని చిటికెన వ్రేలికి స్పర్శ రాదు. “గాయము మానినది గదా, అదియు మెల్లగా వచ్చును” అని ఇంటివారు ఊరకుందురు. అట్లు ఊరకుండరాదని మనవి చేయుటకే ఈ ప్రసంగము.

ఇచట నరమనగా నెత్తురు పారు నాళము కాదు. స్పర్శను, కదలికను మోసెడి సన్నని తంతువుల కట్ట. ఒక్కొక్క తంతువు ఒక జీవకణము చాచిన చేయి వంటిది. ఆ కణము వ్రేలియందుండదు. స్పర్శ కణములు వెన్నెముక ప్రక్కను, కండరములను కదలించు కణములు వెన్నుపాములోను ఉండును.

1850లో అగస్టస్ వాలర్ అను ఆంగ్ల వైద్యుడు కప్ప నాలుకకు పోవు నరమును కోసి చూచెను. కణమునుండి వేరుపడిన భాగము కొలది దినములలో ముక్కలై నశించెను. పోషణ లేక ఎండినదని చాలకాలము తలచిరి. తంతువులోనే తన్ను తాను కూల్చుకొను ఏర్పాటు గలదనియు, అందు సార్మ్-1 అను ప్రోటీను ముఖ్యమనియు 2012లో వెల్లడియైనది.

మరి పైనున్న కణము గతి యేమి? వ్రేలి చర్మము, కండరము కొన్ని పోషక ద్రవ్యములను విడుచును. వాని సంకేతము తంతువు వెంట పైకి ప్రయాణించి, “ఇచట పని యున్నది, బ్రదికి యుండుము” అని కణమునకు వార్త చేర్చును. అట్టి ద్రవ్యములలో మొదటిదానిని 1950 దశకములో అమెరికాయందు రీటా లెవీ-మాంటల్చీని, స్టాన్లీ కోహెన్ గుర్తించిరి. 1986లో వారికి నోబెల్ బహుమానము లభించెను. నరము తెగిన ఆ వార్త ఆగిపోవును. వార్త అందని కణములలో కొన్ని తమంతట తామే మరణించును. స్పర్శ కణములకు ఈ అపాయము హెచ్చు. గాయము కణమునకు దగ్గరైన కొలది అపాయము పెరుగును.

అయినను శరీరము చేతులు ముడుచుకొని కూర్చుండదు. తంతువులను చుట్టియుండు ష్వాన్ కణములు శిథిలములను తొలగించి, వరుసలు తీరి, క్రొత్త తంతువునకు బాట వేయును. పోషక ద్రవ్యములను గూడ కొంతకాలము తామే అందించును. ఆ బాటపై తంతువు దినమునకు సుమారు 1 మిల్లీమీటరు సాగును. మణికట్టునుండి వ్రేలికొసకు 18 సెంటీమీటర్లనుకొన్నచో, ఆరు నెలల ప్రయాణము! ఆలస్యమైన కొలది బాట చెడును, కండరము కృశించును.

కావున కోతగాయము పిదప వ్రేలు మొద్దుబారినచో ఆ దినముననే శస్త్రవైద్యునకు చూపుడు. తెగిన నరపు కొసలను కలిపి కుట్టవచ్చును. స్పర్శ వచ్చువరకు ఆ చేతిని వేడి గిన్నెలనుండియు, పొయ్యినుండియు కాపాడుకొనుడు, కాలినను తెలియదు. ఓపిక అవసరమే. కాని ఆ ఓపిక నరమునకు కుట్టు పడిన తరువాత పట్టవలసినది, ముందు కాదు.