నర్తకుల బ్రతుకుదెరువు

(భీమ్‌గల్ పఠనమందిరములో మేము చేసిన ఉపన్యాసము. మిత్రుల కోరికపై నిచ్చట ప్రకటించుచున్నాము.)



నృత్యమునుగూర్చి మాటలాడుటకు వకీలును పిలిచితిరేమని మీలో కొందరు లోలోపల నవ్వుకొనుచుందురు. ఆ నవ్వు న్యాయమైనదే. మాకు తాళము తెలియదు, జతులు తెలియవు. చిన్ననాడు ఇంటిలో చెప్పకుండ భాగవతులాటకు పోయి, తెల్లవారి తండ్రిగారిచేత చివాట్లు తినుటయే యీ శాస్త్రములో మాకు గల పరిచయము. అయినను నృత్యమునకు మరియొక ప్రక్క కలదు. రాత్రి ఆడినవాని యింట మరునాడు పొయ్యి రాజుకొనుట ఎవ్వరివలన? వానికి జొన్నలు కొలుచువారెవ్వరు? ఆ కొలుచుట హక్కువలననా, దయవలననా? ఇది వ్యవహారమునకు సంబంధించిన ప్రశ్న. వ్యవహార మనినచో మేము నోరు విప్పవచ్చును.

మన దేశమున నవీన నృత్యమనగానే ఉదయశంకరుగారి పేరు మొదట వినవచ్చును. 1900లో జన్మించిన వీరు లండనునకు పోయినది చిత్రలేఖనము నేర్చుటకు. 1923లో రష్యా నర్తకి అన్నా పావ్లోవా వీరిచేత రాధాకృష్ణుల నృత్యమును కూర్పించి తాను రాధగా నాడెను. ఏ గురువునొద్దను క్రమముగ శిష్యరికము చేయని యీ చిత్రకారుడు ఐరోపా అమెరికా ఖండములను మెప్పించెను. 1938లో అల్మోరాయందు ఒక కళాకేంద్రమును స్థాపించి, కథకళికి శంకరన్ నంబూద్రిని, భరతనాట్యమునకు కందప్ప పిళ్ళెను, సంగీతమునకు అల్లాఉద్దీన్ ఖానును రప్పించెను. సినిమా దర్శకుడైన గురుదత్తు అచ్చటి విద్యార్థియే. అచ్చట బోధించిన జోహ్రా సెహగల్ పిమ్మట నాటకములలోను, సినిమాలలోను నటించి, నూరేండ్లు దాటి బ్రతికి 2014లో కన్ను మూసెను. ఇంత ప్రతిభ యొకచోట చేరినను ఆ కేంద్రము కొన్ని యేండ్లకే మూతపడినది. 1948లో మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన ‘కల్పన’ చిత్రము కీర్తి తెచ్చినది గాని పెట్టిన సొమ్ము తేలేదు. ప్రపంచమంతయు చప్పట్లు కొట్టినవాని గతి యిది. ఇక మనవారి సంగతి చూతము.

కూచిపూడి భాగవతులు మేళములు కట్టుకొని ఊరూర తిరిగినవారు. గోలకొండ తానీషా వారి యాటకు మెచ్చి అగ్రహార మిచ్చెనని ఐతిహ్యము. ఆడువారికి ఆ మేళములలో చోటులేదు. సత్యభామ వేషమును మగవాడే కట్టెడివాడు. ఇరువదవ శతాబ్దమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఆ కట్టు దాటి స్త్రీలకు విద్య చెప్పిరి. 1929లో కూచిపూడిలోనే పుట్టిన వెంపటి చినసత్యంగారు మద్రాసు చేరి, అన్నగారు పెదసత్యంగారి వెంట సినిమాలలో పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిరి. రాత్రి తెల్లవార్లు సాగు ఆటను రెండు మూడు గంటల నృత్యనాటకముగ బిగించి, పట్టణపు రంగస్థలమునకు తగినట్లు దిద్దినది వీరే. వీరి శిష్యురాలైన శోభానాయుడుగారు సత్యభామగా పేరొంది, హైదరాబాదున ఎందరికో విద్య చెప్పి 2020లో స్వర్గస్థులైరి. అదే కూచిపూడిలో 1935లో పుట్టిన వేదాంతం సత్యనారాయణశర్మగారు మాత్రము పాత పద్ధతినే పట్టుకొని, జీవితాంతము స్త్రీవేషములే ధరించి, ఆడువారే అసూయపడునట్లు జడ విసరి చూపిరి. ఈ యిరువురు గురువులును 2012లోనే గతించిరి. ఒకరు ఆటను మార్చి బ్రతికించిరి; ఇంకొకరు మార్చకుండ బ్రతికించిరి. ఎవరు గొప్ప యని మమ్మడుగకుడు. ఇద్దరి ఆటయు చూచినవారు ఆ ప్రశ్న వేయరు.

ఇచ్చట ఒక వ్యాజ్యెము సంగతి చెప్పవలసియున్నది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీవారు జరిపిన నృత్యసదస్సులో కూచిపూడికి శాస్త్రీయ నృత్యములతో సమానమగు పీట దొరకలేదు. తెలుగువారు నొచ్చుకొనిరి. మరుసటి యేడు, అనగా 1959లో, హైదరాబాదున వేరొక సదస్సు జరిపి, గ్రంథములను, గురువులను సాక్ష్యముగ నిలిపి వాదించిరి. 1961లో సత్యనారాయణశర్మగారికి ఆ అకాడమీ పురస్కారమే వచ్చినది. దావా గెలిచినట్లే. మేము సంతోషించుచున్నాము. కాని వకీలు బుద్ధి మరియొకటి కూడ గమనించును. ‘శాస్త్రీయ’ మను ముద్ర పడినంతనే విద్యార్థివేతనము, బిరుదు, విదేశయాత్ర, పాఠశాల, అన్నియు ఆ ముద్ర వెంట నడచినవి. ముద్ర పడనివారికి ‘జానపద’ మను పేరును, జాతరలో ఒక శాలువయు మిగిలినవి. ఆ ముద్ర వేయు కచ్చేరికి పోవుటకు అందరికిని దారి ఖర్చులు లేవు.

గోదావరి కావలి యొడ్డున, పూర్వపు ఆదిలాబాదు జిల్లా నర్సాపురమున 1943లో పుట్టిన రాజారెడ్డిగారి సంగతి మనకు మరింత దగ్గర. పల్లెకు వచ్చిన భాగవతులను చూచి వారి మనసు ఆటపై నిలిచినది. అయితే నేర్చుకొనుటకు ఏలూరు పోవలసివచ్చెను; నృత్యము కూర్చు విద్యకు ఢిల్లీ పోవలసివచ్చెను. ధర్మపత్ని రాధారెడ్డిగారితో గూడ ప్రపంచమంతయు ఆడి, ఢిల్లీలో నాట్యతరంగిణిని నెలకొల్పి, ఇరువురును 2000లో పద్మభూషణులైరి. రెడ్ల యింటి మగబిడ్డ గజ్జె కట్టుట ఆనాడు మన పల్లెలలో ఎంత సాహసమో మీకు చెప్పనక్కరలేదు. మాకు గల చింత వేరు. ఆ పిల్లవానికి ఆశ పుట్టించినది మన పల్లెయే. విద్య యిచ్చినది మాత్రము దూరదేశము. నిర్మలు మొదలు నిజామాబాదు వరకు ఆ ఆశకు అన్నము పెట్టగల స్థలము ఒక్కటియు లేకపోయెను.

నటరాజ రామకృష్ణగారినిగూర్చి కొంచెము తీరికగ చెప్పుదుము. వీరు 1923లో బాలీ ద్వీపమున పుట్టిన తెలుగువారు. పెండ్లి చేసికొనలేదు, ఆస్తి కూడబెట్టలేదు. ఓరుగల్లు సీమలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి శిల్పములను, గణపతిదేవుని గజసేనాని జాయప వ్రాసిన ‘నృత్తరత్నావళి’ని ముందుంచుకొని, నేర్పు గురువు ఒక్కడైనను మిగులని పేరిణి శివతాండవమును మరల నిలువబెట్టిరి. 1985లో శివరాత్రినాడు ఆ గుడి ముంగిటనే నూర్లకొలది యువకులచేత ఆడించిరి. రాతిబొమ్మ ఒక భంగిమనే చూపును. ఈ భంగిమనుండి ఆ భంగిమకు పోవు దారిని శిల్పి చెక్కలేదు. ఆ దారి రామకృష్ణగారు కల్పించినది. కావున నేడు మనము చూచు పేరిణి సగము కాకతీయులది, సగము ఆయనది. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును. మా దృష్టిలో ఇది లోపము కాదు. కూలిన యిల్లు కట్టినవాడు పాత దూలములకు క్రొత్త వాసములు చేర్చక తప్పదు. 2021లో రామప్ప గుడి ప్రపంచ వారసత్వపు పట్టికలో చేరినది. దానిని చూచుటకు రామకృష్ణగారు లేరు, 2011లోనే గతించిరి.

ఆయన చేసిన రెండవ పని మా వృత్తికి తగులునది. 1947లో మద్రాసు రాజధానిలో దేవదాసీ సమర్పణమును నిషేధించుచు శాసనము వచ్చెను. రావలసిన శాసనమే. కాని బాలికలను దాస్యమునుండి విడిపించు శాసనము, అప్పటికే ఆడి ముసలివారైన కళావంతులకు ఏమి దారి చూపవలెనో చెప్పలేదు. వారు గజ్జెలు విప్పి పెట్టెలలో దాచిరి. మనుమరాండ్రకు నేర్పుటకు సిగ్గుపడిరి. రామకృష్ణగారు ఆ తల్లుల యిండ్లకు పోయి, బ్రతిమాలి, విద్య సేకరించి, 1970లో హైదరాబాదున వారిని సభకు రప్పించిరి. నేడు ఆంధ్రనాట్య మనునది ఆ విద్యయే. విద్యకు పేరు వచ్చినది. దానిని దాచి యుంచిన ముసలివారిలో ఎందరికి గ్రాసము దొరకినదో విచారించినవారు తక్కువ.

1947నాటి ఆ శాసనము నిజాము రాజ్యమైన మనకు వర్తింపలేదు. మన జిల్లాలో జోగిని యను పేర దళితుల బాలికలను దేవతకు విడుచుట అటు పిమ్మట చాల కాలము సాగినది. వారిచేత జాతరలలో ఆడించిరి, శవముల ముందర ఆడించిరి, ఊరందరి సొత్తుగ జూచిరి. హేమలతా లవణంగారివంటివారు మన జిల్లా పల్లెలు తిరిగి పాటుపడిన పిదప, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నిషేధ శాసనము చేసినది. దీనిని కూడ ప్రాచీన కళ యని పొగడు పండితు లొకరిద్దరు మాకు తారసపడిరి. వారు ఒక్క పూట ఆ గడపలో కూర్చుండి రావలెనని మా కోరిక. కళను రక్షింపవలెనన్న పేరుతో మనిషిని కట్టివేయరాదు. మనిషిని విడిపించితిమన్న పేరుతో ఆకలికి విడువరాదు. శాసనము మొదటి పని చేయగలదు. రెండవ పని ఊరు చేయవలసినది.

ఇప్పుడు మన యింటి మాట. చిందువారిని మీరందరు ఎరుగుదురు. కొయ్య కిరీటములు, భుజకీర్తులు కట్టి, ముఖమునకు అర్దళము పూసి, ఎల్లమ్మ కథను, జాంబపురాణమును, సారంగధర చరిత్రను తెల్లవార్లు ఆడువారు. మగడు, భార్య, బిడ్డలు అందరును ఒక్క మేళమే. కూచిపూడిలో ఆడుదానికి గజ్జె దొరకుటకు ఎన్ని తరములు పట్టినవో వింటిరిగదా. చిందు మేళములో ఆడువారు స్త్రీ పాత్రములనేగాక పురుష పాత్రములను గూడ ధరింతురు. బోధను మండలములోని అమ్దాపూరులో బ్రతికి 2005లో గతించిన చిందుల ఎల్లమ్మగారు ఈ విద్యకు తలమానికము. రాష్ట్ర ప్రభుత్వము హంస పురస్కార మిచ్చి గౌరవించినది. మద్రాసు పోలేదు, ఢిల్లీలో పాఠశాల పెట్టలేదు. ఊరూర తిరిగి ఆడిన తల్లి. 2024లో జనగామ జిల్లా చిందు కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఆమెయే.

చిందువారి బ్రతుకు మిరాసిపై నడచినది. ఏ యూళ్లు ఏ యింటివో వారిలో వారికి పంపకము కలదు. ఆ యూరి మాదిగవారు ఆట యాడించి ధాన్యము కొలువవలెను. అది భిక్ష కాదు, హక్కు. ఏ కోర్టు దస్తావేజులోను లేకున్నను తరతరములు చెల్లిన హక్కు. ఇప్పుడో, కొలువవలసినవారే తోలుపని పోగొట్టుకొని గల్ఫు దేశములకు వలసపోయిరి. చెరకు డబ్బుతో కళకళలాడిన బోధను ప్రాంతమున, 1937లో నెలకొల్పిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. ఇచ్చువాడే లేనప్పుడు హక్కు ఎవ్వనిపై చెల్లును? బీదవాడు బీదవానికి ఇంతకాలము పోషకుడై యుండెనన్న సంగతి పట్టణములలోని మనకు సిగ్గు కలిగింపవలెను.

కొన్ని నెలల క్రిందట ఒక వృద్ధ కళాకారుడు మా యొద్దకు వచ్చెను. కళాకారుల పింఛనునకు పెట్టిన దరఖాస్తు వయస్సునకు రుజువు లేదని తిరిగివచ్చినది. ‘‘పెద్దయ్యా, నీ యొద్ద ఏ కాగితమైన నున్నదా?’’ అని యడిగితిమి. అతడు మూట విప్పి రంగు పోయిన కొయ్య కిరీటము నొకదానిని మా బల్లపై బెట్టి, ‘‘సారూ, నేనెప్పుడు పుట్టిన్నో నాకెర్కలేదు. ఇది మా తాత కట్టిండు, మా నాయిన కట్టిండు, నేను కట్టిన. ఇంతకన్న ఏం కాయితం గావాలె?’’ అనెను. సాక్ష్యచట్టము చాల యేండ్లుగ చదివితిమి. ఆ కిరీటమును ఏ సెక్షను క్రింద దాఖలు చేయవలెనో మాకు తోచలేదు. పాత వోటర్ల జాబితాలు వెదకి, ఊరి పెద్దల ప్రమాణపత్రములు జతచేసి, మరల దరఖాస్తు పంపితిమి. ఇంకను జవాబు లేదు.

కావున ఈ సభవారిని మేము కోరునది శాలువలు కాదు. కార్తీకమున లింబాద్రి గుట్ట జాతరకు మన భీమ్‌గల్‌కు వేలకొలది జనులు వత్తురు. అందులో ఒక రాత్రి చిందు మేళమునకు కేటాయింపవలెను. ఎంత యిత్తుమో ముందే చెప్పి, కాగితముపై వ్రాసి, ఆట ముగిసిన రాత్రియే ఇయ్యవలెను, పళ్లెము త్రిప్పించరాదు. చందా పట్టికలో మొదటి పేరుగ మా పేరు వ్రాసికొనుడు. రెండవది, పింఛను దరఖాస్తులు. వచ్చే ఆదివారము మొదలు ప్రతి ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు ఈ పఠనమందిరపు వరండాలోనే మేమును, మా జతవారు ఇద్దరును కూర్చుందుము. రుసుము లేదు. చిందువారైనను, ఒగ్గువారైనను, జోగినులుగ విడువబడి నేడు ముసలివారైన తల్లులైనను, కాగితము లున్నను లేకున్నను, రావచ్చును. చదువు వచ్చిన యువకులు నలుగురు కలములు తీసికొని వచ్చినచో పని త్వరగ తెములును.